దొరసానికి దక్కిన కీర్తి

దొరసాని ఇరుకైన చోట తల పెట్టదు. పచ్చికలో మేసేటప్పుడు మెడ వంచడానికి ఆమెకు అభ్యంతరం లేదు. అది ఆకాశం కింద జరిగే పని. కాని కప్పూ గోడలూ ఉన్న తొట్టిలో ముఖం దూర్చడం తన అంతస్తుకు తగదని ఆ ఆవు దూడగా ఉన్నప్పుడే నిశ్చయించుకుంది. ఆ నిశ్చయాన్ని మార్చబోయినవారందరూ పాదాలమీద ఆమె గిట్టల ముద్రలతో వెనుదిరిగారు. పెద్దయ్య ఒక్కడే అందుకు పూనుకోలేదు. ఆమెకు ఆ పేరు పెట్టినవాడూ, ఆమె దర్జాను మన్నించి దాణాను దోసిట పట్టి అందించేవాడూ ఆయనే.

పెద్దయ్యది పెద్ద పాడి కాదు. ఇంటి వెనుక రేకుల కప్పు వేసిన పశువులశాల, దానిని ఆనుకుని పాల క్యాన్లు కడిగే గచ్చు, ఆవల కంచె వేసిన పచ్చిక. కొడుకు తెల్లవారకముందే పాలవ్యాను ఎక్కి పట్టణానికి పోతాడు. క్యాన్ల పెత్తనం భార్యది. పశువుల స్నానపానాదులు పెద్దయ్యవి. ఆయన దైవభక్తుడు, చిన్ననాడు గురువు ఒడిలో నేర్చిన ప్రార్థన శ్లోకాలు నేటికీ పొల్లు పోకుండా కంఠస్థం. ఆవులను కడిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఆ శ్లోకాలను రాగయుక్తంగా చదివితే తప్ప ఆయనకు కాఫీ గొంతు దిగదు. ఆ గానాన్ని భార్య భరించేది, పశువులు ఆనందించేవి. దొరసాని మాత్రం చెవులు రెండూ ఆయన వైపు తిప్పి, నెమరు ఆపి మరీ వినేది.

ఆ ప్రశాంతమైన శాలలోకి వేసవి మొదట్లో ఒక పచ్చరంగు పెట్టె వచ్చింది. తెచ్చింది కోడలు. ఆమె పశుపరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. ముందువైపు తల పట్టేంత నోరు, లోపల చిన్న దాణా తొట్టి, వెనుక గాలిని లాగే పంకా, పైన ఒక చిన్న తెర. ఇదీ దాని స్వరూపం. ప్రతి ఆవు మెడకూ ఒక పట్టీ కట్టారు. పట్టీకి వేలాడే బిళ్ళను చూసి, లోపల తల పెట్టినది ఏ ఆవో పెట్టె గుర్తు పడుతుంది. గుర్తు పట్టి గుప్పెడు దాణా గుళికలు రాలుస్తుంది. ఆవు వాటిని నమిలినంతసేపూ పెట్టె దాని ఊపిరిని తూచి, ఆ లెక్కను తిన్నగా సంస్థకు పంపుతుంది.

"ఊపిరి తూచడం దేనికమ్మా?" అన్నాడు పెద్దయ్య.

"త్రేన్పుల కోసం, మామయ్యగారూ. ఆవు కడుపులో గడ్డి పులిసినప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది త్రేన్పుల్లో బయటికి వచ్చి ఆకాశంలో చేరుతుంది."

క్యాను తోముతున్న అత్తగారు తలెత్తింది. "త్రేన్పుల్లోనా? వెనకనుంచి కాదూ?"

"దాదాపు అంతా ముందునుంచే అత్తయ్యా."

"చూశారా. ఇన్నేళ్ళూ అనవసరంగా తోకవైపు నిలబడి ముక్కు మూసుకున్నాను."

పెద్దయ్యకు సంగతి ఇంకా అందలేదు. ఆకాశం అంత పెద్దది. అందులో ఒక ఆవు త్రేన్పు ఎంత? కోడలు గచ్చుమీద కూర్చుని ఓపికగా వివరించింది. సూర్యకాంతి నేలను వేడి చేస్తుంది, నేల ఆ వేడిని తిరిగి పైకి వదిలేస్తుంది. గాలిలో ఉన్న కొన్ని వాయువులు, అంటే నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వంటివి, ఆ వేడిని పోనివ్వకుండా పట్టుకుని కొంత మళ్ళీ కిందికి పంపుతాయి.

"బొగ్గుపులుసు వాయువు కదూ," అన్నాడు పెద్దయ్య, తన బడిపుస్తకంలోని పేరు గుర్తొచ్చి. "అర్థమైంది. వేడి అనేది మనింటికి వచ్చిన చుట్టం. పని చూసుకుని వెళ్ళొస్తానని గుమ్మం దాకా వెళ్తుంది. అక్కడ మీ అత్తయ్య నిలబడి, అప్పుడే ఏం తొందర, కాసేపు కూర్చుని వెళ్ళమంటుంది."

కోడలు నవ్వింది. "సరిగ్గా అంతే. అత్తయ్య అసలు లేకపోతే చుట్టాలెవరూ నిలవరు, ఇల్లు గడ్డకట్టిపోతుంది. భూమి కూడా అంతే, ఆ వాయువులు లేకపోతే మంచుముద్ద. కానీ మనం బొగ్గూ పెట్రోలూ కాల్చి, పశువుల మందలు పెంచి, గుమ్మంలో అత్తయ్యల సంఖ్య పెంచేశాం. వెళ్ళాల్సిన చుట్టం వెళ్ళడం లేదు. ఇల్లు వేడెక్కుతోంది, వానలు వేళ తప్పుతున్నాయి. మన పచ్చిక ఈ ఏడు ఎంత ముందుగా ఎండిందో చూశారుగా."

"మరి వీళ్ళల్లో మీథేన్ ఎవరు?" అంది అత్తగారు.

"కార్బన్ డయాక్సైడ్ నెమ్మదిగా బతిమాలుతుంది, కానీ వందల ఏళ్ళు గుమ్మం వదలదు. మీథేన్ పన్నెండేళ్ళకో ఎప్పటికో విరిగిపోతుంది. అయితే ఉన్నన్నాళ్ళూ చుట్టం చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి కూర్చోబెడుతుంది."

"అయితే నేను మీథేనునే," అని అత్తగారు తృప్తిగా క్యాను బోర్లించింది.

ఇక అసలు సంగతి. కొన్ని ఆవులు పుట్టుకతోనే తక్కువ త్రేన్చుతాయట. అలాంటివాటిని ఏరి, సంతానాన్ని పెంచితే, రానున్న మందలు ఆకాశానికి ఇంత బరువు కావు. అందుకే ఆ పెట్టె. మాట విని పెద్దయ్య దొరసాని వైపు చూశాడు. ఆమె అప్పుడే ఒక దీర్ఘమైన త్రేన్పు త్రేన్చి, ఏమీ ఎరగనట్టు తోక ఊపింది. ఆయన చల్లగా మాట మార్చాడు.

మిగతా ఆవులు రెండు రోజుల్లోనే పెట్టెకు మరిగాయి. గుళికలలో బెల్లం పాకం కలుపుతారు; వాటికోసం వరుస కట్టి నిలబడేవి. దొరసాని పెట్టెను ఒకసారి వాసన చూసి, మరి దాని ఛాయలకు పోలేదు. అందరి నోళ్ళూ తియ్యనవుతుంటే ఆమె ఒక్కతే దూరంగా నిలబడడం పెద్దయ్య హృదయానికి ముల్లులా గుచ్చుకుంది.

ఆ ముల్లును తీసుకునే ఉపాయం ఆయనకు అనుకోకుండా దొరికింది. ఆవును కడిగేముందు మెడపట్టీ విప్పి తన మెడలో వేసుకోవడం పట్టీలు వచ్చిన నాటినుంచీ ఆయనకు అలవాటు. తడిసిన పట్టీ మెడను ఒరుస్తుంది, నేలమీద పెడితే పేడపాలవుతుంది, మేకుకు తగిలిస్తే మరుపుపాలవుతుంది. మనిషి మెడ మాత్రం ఎక్కడికీ పోదు. అలా దొరసాని పట్టీ మెడలో వేసుకుని ఒక ఉదయం ఆమెను కడిగి, పెట్టె లోపలి దుమ్ము తుడుద్దామని వంగి తల పెట్టాడు. గలగలమంటూ గుళికలు రాలాయి.

పెద్దయ్య వాటిని దోసిట పట్టి, తెచ్చి దొరసానికి సమర్పించాడు. ఆమె తిని, చెయ్యి నాకింది. తల పెట్టినవారికల్లా గుళికలు ఇచ్చే ఉదార స్వభావం ఆ పెట్టెదని ఆయన అనుకున్నాడు. ఊపిరి తూచే సంగతి గుర్తులేక కాదు. పెట్టె తూచేది త్రేన్పులను. తాను త్రేన్చడం లేదు. కనుక పెట్టెకు తనతో పని లేదు. ఈ తర్కంలో లోపమున్నట్టు ఆయనకు తోచలేదు.

ఇంతలో ఎండలు ముదిరాయి. పొద్దు పొడిచీ పొడవగానే రేకుల కప్పు కాగిన పెనమయ్యేది. ఆవులు నాలుకలు చాపి రొప్పేవి, పాలు తగ్గాయి. ఆ శాల అంతటిలోనూ గాలి ఆడే చోటు ఒక్కటే. పెట్టె పంకా గాలిని ఎడతెరిపి లేకుండా లోపలికి లాగుతుండడంవల్ల, అందులో తల పెట్టినవారి చెవులను చల్లని గాలి నిమురుతూ పోయేది. పెద్దయ్య పెట్టె ముందు ముక్కాలిపీట వేసుకున్నాడు. చివర కడిగిన దొరసాని ఒళ్ళు ఆరేదాకా ఆమె పట్టీ మెడలోనే ఉంచుకుని, తల లోపల పెట్టి, కళ్ళు మూసి, ప్రాతఃకాల ప్రార్థన అక్కడే మొదలుపెట్టాడు. గోడలకు తగిలి ఆయన కంఠం నిండుగా, గంభీరంగా, మందిరంలో చదివినట్టు మోగింది. ఆయనకు తన గానంమీద మొదటినుంచీ ఉన్న గౌరవం మరింత పెరిగింది. శ్లోకానికీ శ్లోకానికీ నడుమ గుళికలు రాలేవి. అవి దేవుడిచ్చిన ప్రసాదంలా చొక్కా జేబులోకి, అక్కడినుంచి దొరసాని నోటిలోకి చేరేవి. ఆ వేళకు భార్య క్యాన్ల దగ్గర ఉండేది, కోడలు బస్సులో ఉండేది. చూసినవారు లేరు.

వేసవి సగంలో ఒక సాయంత్రం కోడలు వింత ముఖంతో ఇల్లు చేరింది.

"మామయ్యగారూ, దొరసాని లెక్కలు వచ్చాయి."

పెద్దయ్య శాల వైపు ఒకసారి చూశాడు. "అంత ఎక్కువా?"

"ఎక్కువ కాదు. మీథేన్ ఉందో లేదో అన్నట్టుంది. గ్రాఫులో మిగతా ఆవులన్నీ ఒకచోట గుంపుగా ఉంటే, ఇది ఎక్కడో నేలకు ఆనుకుని ఉంది. మా డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ప్రపంచంలో ఇలాంటి ఆవు లేదంటున్నారు."

"నేను చెప్పలేదూ? అది మామూలు పశువు కాదు," అన్నాడు పెద్దయ్య, అలాంటిదేదీ ఎన్నడూ చెప్పకపోయినా.

"నాకే ఎక్కడో తేడాగా ఉంది. కార్బన్ డయాక్సైడ్ కూడా మరీ తక్కువ. అంత ఒళ్ళున్న ఆవు అంత చిన్న ఊపిరి ఎలా తీస్తుంది? పట్టీ తప్పేమో చూద్దామన్నాను. డైరెక్టరుగారు, అపూర్వమైనదాన్ని చూసినప్పుడు నమ్మడం నేర్చుకోమ్మా అన్నారు."

అత్తగారు గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "నిన్న క్యాను మూత ఎగిరిపడేలా త్రేన్చింది మరి."

"అది నీ ఊహ," అన్నాడు పెద్దయ్య.

ఆ రాత్రి ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. మర్నాడు పాలు కొనవచ్చిన ప్రతివారికీ లోకాన్ని ఉద్ధరించబోయే ఆవును వేలు పెట్టి చూపించాడు. వారం తిరగకముందే ఆ ఆనందం అడుగంటింది. అపూర్వమైన వస్తువు ఉన్నచోట ఉండదనే సత్యాన్ని కోడలు తడబడుతూ చెప్పింది. దొరసానిని సంస్థవారు మంచి వెల ఇచ్చి కొని, కేంద్రస్థానంలోని పశుసంవర్ధన క్షేత్రానికి తరలిస్తారు. అది వ్యానులో ఒక పగటి ప్రయాణం. ఇక ఆమె అక్కడే ఉంటుంది. డైరెక్టరుగారు ఈ సంగతిని శాస్త్రవేత్తల మహాసభలో ప్రకటిస్తారు. పరిశోధన కోడలిదని ఆమె పేరే ముందు చదువుతారు.

"మీకు ఇష్టం లేకపోతే వద్దని చెప్పేస్తాను, మామయ్యగారూ. ఆవు మీది," అంది కోడలు.

పెద్దయ్య దొరసాని లేని శాలను ఊహించబోయాడు గాని ఊహ సాగలేదు. వద్దంటే కోడలి శ్రమ మధ్యలో తెగిపోతుంది. అంతకు మించి, భగవంతుడు ఒక జీవికి లోకానికి మేలు చేసే ఊపిరి ఇచ్చినప్పుడు, దాన్ని తన కొట్టంలో కట్టేసుకోవడం ఏపాటి ధర్మం?

"తీసుకెళ్ళమనమ్మా," అని, కంట్లో నలుసు పడిందంటూ లేచి వెళ్ళాడు.

"పెద్ద నలుసే," అంది భార్య, ఆయనకు మాత్రమే వినపడేలా, తువ్వాలు అందిస్తూ.

తరలించే రోజు వచ్చింది. డైరెక్టరుగారు గుండ్రటి మనిషి, ఉత్సాహమూర్తి. పశువుల వ్యానుతోనూ, ఫొటోగ్రాఫరుతోనూ, జేబులో మహాసభ ప్రసంగంతోనూ దిగాడు. పెద్దయ్య అప్పటికే దొరసానిని కడిగి, తుడిచి, కొమ్ములకు నూనె రాసి నిలబెట్టాడు. చివరి స్నానమన్న దిగులులో పట్టీ తిరిగి కట్టే సంగతి మరచిపోయాడు. అది ఆయన మెడలోనే ఉంది.

"పెద్దాయనా, మీ జన్మ ధన్యం," అన్నాడు డైరెక్టరు. "వ్యాను ఎక్కించేముందు పెట్టెలో తల పెట్టినట్టు ఒక్క ఫొటో. అంతే."

దొరసాని పెట్టె దాకా నడిచి, ఆగి, ముఖం పక్కకు తిప్పుకుంది. డైరెక్టరు చప్పరించి పిలిచాడు. ఆమె ఆయన పాదం వైపు చూసింది. పెద్దయ్య ఆయన్ను మర్యాదగా వెనక్కి జరిపాడు.

"అలవాటు లేదండీ దానికి," అన్నాడు.

"అలవాటు లేకపోవడమేమిటి? రోజూ పొద్దున్నే మిగతా ఆవులకంటే నాలుగింతలసేపు ఇందులోనే ఉంటుందిగా. ఇంత స్థిమితంగా తల పెట్టే పశువును నేను చూడలేదని ప్రసంగంలో రాశాను కూడా."

కోడలు కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో అడగబోయింది. ఈలోగా పెద్దయ్య దొరసాని మెడ నిమిరి, "అమ్మాయి పేరు పోతుందే తల్లీ. భయం లేదు, ఇటు చూడు, ఇలా పెట్టాలి," అని ముక్కాలిపీట లాక్కుని, అలవాటైన నైపుణ్యంతో పెట్టెలో తల దూర్చాడు.

గుళికలు గలగలమన్నాయి. తెర వెలిగింది. దానిమీద పచ్చటి అక్షరాలలో 'దొరసాని' అని కనిపించింది. కింద మీథేన్ లెక్క, నేలకు ఆనుకుని.

లోపలినుంచి పెద్దయ్య కంఠం నిండుగా మోగింది. "చూశావా, ఎంత చల్లగా ఉందో."

"మామయ్యగారూ," అంది కోడలు నెమ్మదిగా, "మీ మెడలో ఏమిటది?"

ఆయన తల బయటికి తీశాడు. మెడ తడుముకున్నాడు. తెర చూశాడు, ఆవును చూశాడు, అందరి ముఖాలూ చూశాడు. తర్కంలోని లోపం ఆయనకు అప్పుడు తోచింది.

"నేను త్రేన్చలేదమ్మా," అన్నాడు సన్నగా.

"అదేగా మా గొడవంతా," అంది కోడలు. ఆమె పెదవులు బిగించి కష్టపడి నిలదొక్కుకుంటోంది.

డైరెక్టరు బోర్లించిన బకెట్టుమీద కూలబడ్డాడు. "పశుజాతిలో అపూర్వం అని రాశాను. దీని సంతానంతో దేశమంతా నింపాలని రాశాను."

"వద్దు బాబూ, ఉన్న ఒక్క కొడుకు చాలు," అంది అత్తగారు.

దానితో కోడలి బిగింపు సడలింది. గచ్చుమీద చతికిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. ఫొటోగ్రాఫరు, తనకు ఏది ఫొటో తీయాలో ఎవరూ చెప్పకపోవడంచేత, అన్నీ తీశాడు. కాస్త తేరుకున్న డైరెక్టరు జేబులోంచి ప్రసంగం తీసి, చూసి, నాలుగు మడతలు పెట్టి లోపలికి తోశాడు. "నీ అనుమానం విననందుకు నన్ను అనాలమ్మా," అన్నాడు కోడలితో. "మహాసభలో చదివాక తెలిసుంటే నేను ఏ ముఖంతో తిరిగేవాణ్ణి?"

పెద్దయ్య అపరాధిలా నిలబడ్డాడు. "నీ పని పాడు చేశానా తల్లీ?"

"పాడయ్యే పనిని ఆపారు, మామయ్యగారూ. ఒక్క ఆవు లెక్క కొట్టేస్తే మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ దొరసాని అసలు లెక్క ఇప్పటిదాకా ఒక్కటీ లేదు. అది రావాలి. వస్తేగాని వ్యాను వెనక్కి పంపాలో వద్దో చెప్పలేను."

అంటే గండం గట్టెక్కలేదు. పెద్దయ్య పట్టీని తన మెడలోంచి తీసి దొరసానికి కట్టాడు. ఆమె పెట్టె వైపు చూడనైనా లేదు. అప్పుడు కోడలు ఆయన్ను పెట్టె వెనక్కి నడిపించి, పంకా పక్కనున్న సందు దగ్గర కూర్చోబెట్టింది. "రోజూ పొద్దున్నే చదివే ప్రార్థన ఇప్పుడు ఇక్కడ చదవండి."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మొదటి శ్లోకం వణికింది, రెండవది కుదురుకుంది. పెట్టె గోడలకు తగిలి ఆ కంఠం ముందువైపు నోటినుంచి వెలువడింది. దొరసాని చెవులు తిరిగాయి. తన మనిషి ఆ చీకటి గుహలో ఎక్కడో ఉన్నట్టు తోచింది కాబోలు, ఒక అడుగు వేసింది, మరొకటి వేసింది. తన అంతస్తును కాసేపు పక్కన పెట్టి, మెల్లగా ముఖం లోపల పెట్టింది.

గుళికలు రాలాయి. ఆమె నమిలింది, విన్నది. ప్రార్థన లోకక్షేమాన్ని కోరే చోటికి వచ్చేసరికి, కడుపు లోతులనుంచి బయలుదేరిన ఒక మహాత్రేన్పు పెట్టెను రేకు డబ్బాలా అదరగొట్టి, సందులోంచి పెద్దయ్య ముఖాన్ని వేడిగా తాకింది. ఆయన ఒక్క అక్షరం తడబడి మళ్ళీ అందుకున్నాడు.

తెరమీద అంకెలు ఎక్కసాగాయి. గుంపుగా ఉన్న మిగతా ఆవుల లెక్కను దాటి, ఇంకా ఎక్కాయి. డైరెక్టరు బకెట్టుమీదనుంచి లేచి, దగ్గరికి వచ్చి, కళ్ళజోడు సవరించుకున్నాడు.

"మన పరిశోధనలో ఇంతవరకు ఇంత ఎక్కువ చూడలేదు," అన్నాడు.

"ఈవిడ గుమ్మంలో నిలబడితే ఇక చుట్టం వెళ్ళనే వెళ్ళదు," అంది కోడలు. "సార్, దీన్ని ఇక్కడే ఉంచుదాం. త్రేన్పులు తగ్గించే కొత్త దాణా పరీక్షించడానికి ఇంతకంటే మంచి ఆవు దొరకదు. తగ్గితే తెలుస్తుంది."

డైరెక్టరు తల ఊపి, వ్యాను డ్రైవరుకు చెయ్యి ఊపాడు. ఖాళీ వ్యాను గతుకులలో గలగలమంటూ వీధి మలుపు తిరిగింది. పెద్దయ్య ప్రార్థన ముగించి పెట్టె వెనుకనుంచి ఇవతలికి వచ్చాడు. భూగోళానికి ఇంత భారమైన జీవి తన శాలలో ఉన్నందుకు విచారించవలసిన బాధ్యత తనకుందని ఆయనకు తెలుసు. ముఖం అందుకు తగినట్టు పెట్టాలని గట్టిగా ప్రయత్నించాడు.

"మామయ్యగారూ, నవ్వకూడదు," అంది కోడలు. "ఇది చాలా గంభీరమైన విషయం."

"నవ్వడం లేదమ్మా."

"నలుసు పడి ఉంటుంది," అంది భార్య, కాఫీ గ్లాసు అందిస్తూ.

దొరసాని పెట్టెలోంచి తల తీసి, ఇన్నాళ్ళూ జేబుదారిన వచ్చిన గుళికలు ఎక్కడ పుడతాయో ఇప్పటికి తెలిసినట్టు పెద్దయ్య వైపు ఒక చూపు చూసి, మళ్ళీ లోపల పెట్టింది.